తగువులో ఉన్న వెలుగు

చుట్టు 151, రోజు 4

ఆరో అద్దం పుస్తకం ఇకమీద నేనే రాస్తాను. ఇదివరకు నేను చెబుతుంటే పంచాయతీ ఆఫీసు అమ్మాయి రాసేది. దుమ్ము దులిపానని నేనంటే "నిర్వహణ పనులు చేపట్టడమైనది" అని రాసింది. నేను ఏ పనులూ చేపట్టలేదు. దుమ్ము దులిపాను. పుస్తకం తీసేసుకున్నాను.

నా పేరు పొట్నూరు తవిటయ్య. డెబ్బై ఒకటి నడుస్తోంది. అక్షరాలు ముదిరాక నేర్చుకున్నవి, వంకరగానే ఉంటాయి. అద్దం మాత్రం పన్నెండేళ్ళలో ఒక్కనాడు వంకరగా తిప్పలేదు.

ఈ రోజు తాడుబండిలో గట్టు ఎక్కేసరికి ఎనిమిదయింది. ఒంటి మీది గాలి తొడుగు మోకాలి దగ్గర కారుతోంది, టేపు చుట్టాను. అద్దం రేకు మీద దుమ్ము దులిపాను. ఎడమ మూల ఇసక రాళ్ళు కొట్టిన చిల్లులు నాలుగు ఉంటే అతుకులు వేశాను. సూర్యుడు గట్టు అంచు పట్టుకుని పాకుతున్నాడు. చంద్రుడి ఈ కొసన ఆయన నెత్తి మీదికి రాడు. అంచు వెంబడే తిరిగి తిరిగి ఇరవై తొమ్మిదిన్నర రోజులకు మొదలుపెట్టిన చోటికి వస్తాడు. అదే ఒక చుట్టు. ఆయన జరిగినకొద్దీ నేను చేతిచక్రం తిప్పాలి. గంటకు నాలుగు తిప్పులు, రోజుకు ఎనిమిది గంటలు. భూమి ఎదుటి గట్టు మీద సగం కొబ్బరి చిప్పలా కూర్చుని ఉంది.

అద్దాలు ఆరు. ఐదింటి వెలుగు గాలి నిలిచేలా పైన గాజు కప్పిన మా గొయ్యిలోకి, అంటే అంచూరు ఇళ్ళకీ తోటకీ. ఆరోదాని వెలుగు డెబ్బై మైళ్ళ అవతల బెరంగా అనే ఊరికి. వాళ్ళ అద్దాలు యుద్ధంలో పోయాయి. దిగువ దండు అనే సైన్యం బెరంగావాళ్ళ మంచు గని కోసం వచ్చి కూర్చుని, పన్నెండేళ్ళయినా లేవలేదు. బెరంగావాళ్ళకు ఊపిరి వాళ్ళ మొక్కల నుంచి. ఆ మొక్కలకు వెలుగు నేను పంపేదే.

సాయంత్రం దిగి వచ్చాను. అద్దం బాగుంది.

చుట్టు 151, రోజు 6

కూతురు పైడమ్మ భోజనానికి పిలిచింది. ఆ ఇంట్లో భోజనమంటే సభ. దాని అత్తగారు గున్నమ్మ ఊరి తోటకు పెద్ద. నాకు వియ్యపురాలు. ఆరో అద్దాన్ని కూడా ఊరివైపే తిప్పాలని నాలుగేళ్ళుగా ఊరంతా చెబుతున్నది ఆవిడే. మొదట్లో వినేవాళ్ళు లేరు. ఇప్పుడు ఆవిడ అరుగు మీద కూర్చోడానికి చోటు లేదు.

నా కంచంలో గుత్తివంకాయ వేసింది. బొటనవేలంత ఉంది.

"సూడండి అన్నయ్యగారూ," అంది. "ఇది వంకాయా, జీడిపిక్కా? మీరు పట్టుకెళ్ళి పరాయోళ్ళకి పోసీసిన వెలుగు ఇక్కడుంటే ఇది సేతి నిండా ఉండును."

నేను తినేశాను. బొటనవేలైనా రుచిగానే ఉంది. అక్కడ వెలుగు లేకపోతే ఊపిరాడదు కదత్తా అని పైడమ్మ అంది. గున్నమ్మ కోడలి వైపు చూడలేదు, నన్నే చూస్తూ మాట్లాడింది. ఒక్క ఏడాది చాలన్నారు కదా, ఏడాదిలో బెరంగావాళ్ళు గెలుస్తారన్నారు కదా, గెలిచారా అని అడిగింది. మనకు వాళ్ళు చుట్టాలా అని అడిగింది. ఈ చుట్టులో తోటలో మూడు మడులు ఎండబెట్టుకున్నాం, వచ్చే చుట్టులో ఏవి ఎండబెట్టాలో మీరే చెప్పండి అంది.

ఆవిడ అబద్ధమాడలేదు. మొదటి ఏడాది డప్పులు కొట్టి మరీ ఆరో అద్దం తిప్పించారు. ఒక్క ఏడాదే అన్నది నిజం. గెలుపు సంగతి నాకు తెలియదు. వెలుగు సంగతి అడిగితే చెబుతాను. అదే అన్నాను.

"అదే కదా మీతోటి తంటా," అంది గున్నమ్మ. "తిప్పడం తెలుసు, ఎందుకో తెల్దు."

పెరుగు వేసుకుని లేచి వచ్చేశాను.

చుట్టు 151, రోజు 9

ఈ రోజు ఓటు. మా ఊళ్ళో ఓటుకు కాగితాలు లేవు. ప్రతి ఇంటి కప్పుకూ వెలుగు కంత ఉంటుంది. దాని కింద నీళ్ళ తొట్టి, పైన జరిపే రేకు. బెరంగాకు ఇవ్వాలనే ఇల్లు రేకు తీస్తుంది. వద్దనే ఇల్లు మూస్తుంది. ఇంటికి ఒకటే ఓటు. నేను ఆరో అద్దాన్ని బెరంగా మీంచి మళ్ళించి ఊరి మీదికి తిప్పుతాను. తీసిన కంతల్లో నీళ్ళు తళుక్కుమంటాయి, మూసినవి నల్లగా ఉంటాయి. లెక్కపెట్టి కిందికి చెబుతాను.

మిగతా ఐదు అద్దాలుండగా ఆరోదానితోనే ఎందుకంటే, ఏ వెలుగు మీద తగువో ఆ వెలుగుతోనే లెక్క తేలాలని మొదట్లో పెద్దలు పెట్టిన కట్టు. లెక్క తేలేదాకా అద్దాన్ని ఊరి మీంచి మళ్ళించకూడదు. మళ్ళిస్తే చీకట్లో ఎవడు రేకు జరిపాడో తెలియదు. మంచి కట్టే. ఏటా గంటలో అయిపోయేది.

ఇళ్ళు రెండువందల పదమూడు. మొదటి ఏడాది అన్నీ తళుక్కుమన్నాయి, నాకు కళ్ళు జిగేల్మన్నాయి. తర్వాత తర్వాత నలుపులు పెరిగాయి. కిందటేడు మెరిసినవి నూట ముప్ఫై ఒకటి.

ఈ రోజు నాలుగుసార్లు లెక్కపెట్టాను. తీసినవి నూట ఆరు. మూసినవి నూట ఆరు. ఒకటి సగం.

సగం అంటే సగమే. రేకు మధ్యలో ఆగి ఉంది. దుర్భిణి పెట్టి చూస్తే అది గున్నమ్మ ఇల్లు. అంటే నా కూతురిల్లు. అత్త మూస్తుంటే కోడలు తీస్తోంది. నేను చూస్తుండగానే రేకు ఇటు బెత్తెడు, అటు బెత్తెడు జరిగి, మళ్ళీ మధ్యకు వచ్చి నిలబడింది. ఇద్దరూ గట్టివాళ్ళే.

సర్పంచి దాలినాయుడికి లెక్క చెప్పాను. ఆయన ఇవ్వాలనే పక్షం. అద్దం అలాగే ఉంచు తవిటయ్యా, సాయంత్రానికి తేల్చేస్తాం అన్నాడు.

చుట్టు 151, రోజు 10

తేలలేదు.

సభ గున్నమ్మ వాకిట్లోనే పెట్టారు, ఇంకెక్కడ పెడతారు. దాలినాయుడు నన్ను నిచ్చెన ఎక్కించి రేకు కొలవమన్నాడు. తీసి ఉన్నది జానా నాలుగు వేళ్ళు, మూసి ఉన్నది జానా మూడు వేళ్ళు. ఒక వేలు ఎక్కువ తీసి ఉంది కాబట్టి ఇది తీసిన ఇల్లే అని దాలినాయుడు అన్నాడు.

"కొలిసినోడెవరు?" అని గున్నమ్మ లోపలినుంచే అడిగింది. రేకు తాడు వదలకుండా అక్కడే పీట వేసుకుని కూర్చుంది. "కోడలి బాబు. ఆయన ఏళ్ళు ఆయన కూతురికే సాగుతాయి."

జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా వేళ్ళు ఎవరికీ సాగవు. ఇంకెవరైనా కొలవమన్నాను. పదిమంది కొలిచారు, పది కొలతలు వచ్చాయి. లావు వేళ్ళవాడికి ఒకటి, సన్న వేళ్ళవాడికి ఒకటి.

తాడు రెండో కొస పట్టుకుని పైడమ్మ కూర్చుంది. బిడ్డకు పాలిస్తూనే పట్టుకుంది. అత్తా కోడళ్ళు వంతులవారీగా అన్నం తింటున్నారు, ఒకరు తినేటప్పుడు ఇంకొకరు తాడు లాగకూడదని ఒట్టు వేసుకున్నారట. వాళ్ళిద్దరి మీదా కోపం రాలేదు. కూతురు నా పోలిక.

చుట్టు 151, రోజు 12

ఒక వింత చూశాను, రాస్తున్నాను.

వీధుల్లో వెలుగు. మా ఐదు అద్దాల వెలుగూ కంతలకూ తోటకూ సరిగ్గా సరిపోయేలా కోసి పంచుతారు, వీధికి మిగలదు. ఇప్పుడు ఆరోది కూడా ఊరి మీదే ఉండేసరికి రోజుకు ఎనిమిది గంటలు వీధులు తెల్లగా ఉన్నాయి. ఆడవాళ్ళు బట్టలు బయట ఆరేస్తున్నారు. ముసలివాళ్ళు గోడవార మోకాళ్ళు చాపుకుని కూర్చుంటున్నారు. కిటికీల్లో మిరప మొక్కలు పెట్టారు. ఎవరో అప్పడాలు కూడా ఎండబెట్టారు.

సభకు వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా గట్టిగా అరవడం లేదు. మొన్న అరిచినవాళ్ళే ఇవాళ నిదానంగా ఆలోచిద్దాం, తొందరపడకూడదు అంటున్నారు. దాలినాయుడు ఒక కమిటీ వేశాడు. కమిటీ రేకు గురించి పాత కట్టుబాట్లు వెతుకుతుందట. గున్నమ్మ కూడా సరే అంది. ఆవిడ తోటలో అంచు మడులకు వెలుగు తగులుతోంది, నేను చూశాను.

తగువు తేలకపోతే ఊళ్ళో ఎవరికీ నష్టం లేదు. నేను కూడా పని దిగాక, వెలుగు పక్కకు జరిగిపోయేలోగా గోడవార కూర్చుని మోకాలు కాచుకున్నాను. హాయిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

చుట్టు 151, రోజు 14

దుర్భిణి బెరంగా వైపు తిప్పి చూశాను. రోజూ చూసేవాణ్ణి, ఈ ఐదు రోజులూ ఊరి కప్పులే చూస్తూ అటు చూడలేదు. అక్కడ తెల్లటి మచ్చ ఉండాలి, నా వెలుగు పడే చోటు. లేదు. ఉండదు కదా. వెలుగు ఇక్కడుంది.

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో తెలియదు. చెయ్యి చక్రం మీదే ఉంది, తిప్పుతూనే ఉన్నాను, పని జరుగుతోందనే అనుకున్నాను.

దిగి నేరుగా సభకు వెళ్ళాను. బెరంగాకు వెలుగు ఆగి ఐదు రోజులయిందని చెప్పాను. అందరూ నా వైపు చూశారు. ఆగడమేమిటి, ఇంకా మనం ఆపలేదు కదా అని ఒకాయన అన్నాడు. ఓటు తేలలేదు కదా, తేలకుండా ఎలా ఆగుతుంది అన్నాడు. అద్దం ఒకటే, అది ఇక్కడ ఉంటే అక్కడ ఉండదు అని నేను చెప్పాను.

అలాగైతే గున్నమ్మే తాడు వదలాలి అని ఒక పక్షం, పైడమ్మే వదలాలి అని ఒక పక్షం. మీవల్లే వాళ్ళు చీకట్లో ఉన్నారంటే మీవల్లే అన్నారు. రేడియోలో వాళ్ళకు సంగతి చెబుదామన్నాను. బెరంగా వైపు రేడియో పలికి మూడేళ్ళయింది, దిగువ దండు గోల పెట్టి అన్నీ మింగేస్తుంది. అది నాకూ తెలుసు, అయినా అడిగాను.

కట్టు ప్రకారం లెక్క తేలేదాకా అద్దం మళ్ళించకూడదని దాలినాయుడు నాకు గుర్తు చేశాడు. నాకు ఒకరు గుర్తు చెయ్యక్కర్లేదు. పన్నెండేళ్ళలో ఒక్క కట్టు తప్పినవాణ్ణి కాదు. తలూపి వచ్చేశాను.

చుట్టు 151, రోజు 16

బెరంగా వైపు మైదానంలో ఒక చుక్క. కదులుతోంది. మధ్యాహ్నానికి ఇంకొంచెం పెద్దదయింది. బండి. మన వైపే.

చెప్పగానే ఊరు అదిరింది. దిగువ దండే అన్నారు. వెలుగు ఆగడం చూసి మనం బెరంగాను వదిలేశామని తెలిసి, ఇక మనమీదికి వస్తున్నారన్నారు. యుద్ధం అంటే ఏమిటో వినడమే తప్ప ఎరగని ఊరు. గునపాలూ గొలుసులూ తీశారు. మూసినవాళ్ళూ తీసినవాళ్ళూ ఒకే వరసలో నిలబడి తలుపులకు ఇనుప బద్దెలు కొట్టారు. గున్నమ్మ, పైడమ్మ మాత్రం తాడు దగ్గరే ఉన్నారు.

నాకు భయం కంటే ఆ బండి ఎందుకంత నెమ్మదిగా వస్తోందో తెలుసుకోవాలని ఎక్కువగా ఉంది. యుద్ధానికి వచ్చే బండి అలా రాదు. గంటకోసారి ఆగుతోంది. బరువు మోస్తున్నట్టుంది.

చుట్టు 151, రోజు 18

బండి వచ్చింది. దండు కాదు, బెరంగావాళ్ళు. ముగ్గురు.

వాళ్ళలో పెద్ద ఇర్వా అనే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు తండ్రితో విత్తనాల మార్పిడికి వచ్చి మన ఊళ్ళో రెండేళ్ళు ఉందట, తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. తలుపు తీయగానే నన్ను చూసి, ఇంకొకరిని చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"అద్దం ముసలాయన మీరేనా?" అని అడిగింది.

నేనే అన్నాను. ఆమె తన వాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అందులో ఒకడు నేలమీద చతికిలబడ్డాడు. అలసటేమో అనుకున్నాను.

వెలుగు ఆగిన మూడో రోజున వాళ్ళు బయల్దేరారు. మామీద దాడి జరిగిందో, అద్దం విరిగిందో, నేను చచ్చిపోయానో అనుకున్నారట. నేను పోయుంటే కొత్తవాడికి చేత్తో తిప్పడం కష్టమని ఒక మోటారు తెచ్చారు. బండి బరువు అదే. మోటారు ఎక్కడిదని అడిగితే, మా గాలి పంకాది అంది. రెండు పంకాలున్నాయి, ఒకటి చాలన్నారు అంది. నలుగురు బయల్దేరారట. తోరెన్ అని ఒకడు దారిలో దండు తూటాకు పోయాడు. మైదానంలో పాతిపెట్టి వచ్చారు.

గున్నమ్మ మొదటిసారి తాడు దగ్గరనుంచి లేచి వచ్చి వాళ్ళకు నీళ్ళిచ్చింది. పైడమ్మ ఒట్టు ప్రకారం తాడు లాగలేదు.

అద్దం చూస్తానని ఇర్వా పనిముట్ల సంచి తీసింది. అప్పుడు దాలినాయుడు నన్ను పక్కకు లాగాడు. వెనకే గున్నమ్మ వచ్చింది. పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూడలేదు. ఇవాళ చూశాను.

"పళ్ళచక్రం ఇరిగిందని సెప్పు తవిటయ్యా," అన్నాడు దాలినాయుడు. "నిన్ననే బాగు సేసుకున్నాం అని సెప్పు."

"మనిషిని పోగొట్టుకుని వొచ్చినారు," అంది గున్నమ్మ. గొంతు తగ్గించింది. "రేకు గురించి దెబ్బలాడుకుంటన్నామని ఎలా సెప్తాం అన్నయ్యగారూ? ఈ ఒక్కసారికి."

నేను ఆలోచించాను. ఆలోచించింది వాళ్ళ మీద జాలితో కాదు. అబద్ధం బెరంగావాళ్ళకు కొంచెం మేలే చేస్తుంది, తోరెన్ ఒక విరిగిన చక్రం కోసం పోయాడనుకుంటే వాళ్ళకు తేలిక. కానీ నా పళ్ళచక్రం విరగలేదు. పన్నెండేళ్ళలో ఒక పన్ను అరగనివ్వలేదు. దాని మీద వేలు పెట్టి ఈ ఊరి తప్పు దానికి అంటిస్తే నేను ఒప్పుకోను.

నేను ముందు ఎక్కి, తాడుబండి కిందికి పంపి ఇర్వాను పైకి రప్పించాను. ఆమె చక్రం చూసింది, ఇరుసు చూసింది, పళ్ళు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. నూనె చూసి నా వైపు మెచ్చుకోలుగా చూసింది. తర్వాత అద్దం ఎటు చూస్తోందో చూసింది. కింద వీధుల్లో ఆరేసిన బట్టలు చూసింది.

"అద్దం బాగుంది," అంది.

"బాగుంది," అన్నాను. "అద్దానికేటీ అవలేదు. మీకియ్యాలా వద్దా అని ఓటు పెట్టుకున్నాం. ఓటు లెక్కెట్టడానికి ఇటు తిప్పినాం. లెక్క తేలలేదు. మరిక తిప్పలేదు."

ఆమెకు అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను. అర్థమయింది. చెయ్యి ఎత్తి ఆపింది. చక్రం మీద చెయ్యి వేసింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే తినేవాణ్ణి.

"లేదు అంటే లేదు చెప్పండి," అంది. "లేదు తెలిస్తే మేం మొక్కలు తగ్గించుకుంటాం, మనుషుల్ని దక్షిణం పంపుతాం. దారి ఉంది. ఏదీ చెప్పకపోతే అందరూ కిటికీ దగ్గర కూర్చుంటారు. గాలి అయిపోయేదాకా కూర్చుంటారు."

నేను చక్రం పట్టుకున్నాను. పన్నెండేళ్ళలో మొదటిసారి ఎవరినీ అడగకుండా తిప్పాను. అద్దం ఊరి మీంచి లేచి, గట్టు దాటి, మైదానం దాటి బెరంగా మీద పడింది. కింద వీధి నల్లబడింది. కేకలు రేడియోలో వినబడ్డాయి.

లెక్క కావాలంటే మీ ఐదో అద్దంతో పెట్టుకోండి, తోట వెలుగుతో అని కిందికి చెప్పాను. ఎన్ని రోజులు తగువాడుకుంటారో నేనూ చూస్తాను అన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను, పుస్తకంలో రాయను.

చుట్టు 151, రోజు 19

ఐదో అద్దం తోట మీంచి మళ్ళించి ఓటు పెట్టారు. కట్టు మార్చడానికి దాలినాయుడు కమిటీ వెయ్యాలన్నాడు. తోట చీకట్లో ఉంటే కమిటీ ఏమిటని జనమే అరిచారు. ముప్పావు గంటలో అయిపోయింది. నేనే లెక్కపెట్టాను, నా చేత లెక్కపెట్టించవద్దని అన్నవాళ్ళు లేరు.

తీసినవి నూట ఆరు. మూసినవి నూట ఏడు.

ఆ నూట ఏడోది గున్నమ్మ ఇల్లు. రేకు కొస దాకా మూసి ఉంది. పైడమ్మ వదిలేసిందన్నమాట. నాకు కోపం వచ్చింది. సాయంత్రం వెళ్ళి అడిగాను.

"వొదలలేదు నాన్నా, బేరమాడినాను," అంది పైడమ్మ. బియ్యం కడుగుతోంది. "మూసీడానికి ఒప్పుకుంతాను, కొన్ని సుట్లు వెలుగు పంపినాకే ఆపాల అన్నాను. ఒక సుట్టు అంది అత్త. ఆరన్నాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. నాలుక్కి ఒప్పుకుంది."

వంటింట్లో అత్తా కోడళ్ళు కుదుర్చుకున్నదే ఊరి తీర్మానం అయింది. ఒక్కడు కాదనలేదు. కాదంటే మళ్ళీ ఐదో అద్దం తిప్పాలి.

ఓడిపోయింది మా పక్షం. నాకు పక్షం లేదని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. ఉందని ఇవాళ తెలిసింది.

బెరంగాకు ఉత్తరం రాయమంటే ఆఫీసు అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. ఇర్వా చదివించుకుని, ఇస్తున్నారా లేదా అని అడిగింది. అప్పుడు నేను రాశాను. ఇదీ నకలు.

బెరంగా పెద్దలకు. అంచూరు నుంచి. ఇంకా నాలుగు చుట్లు వెలుగు పంపుతాం. ఐదో చుట్టు నుంచి పంపం. అద్దం పాడవలేదు, మేమే ఆపుతున్నాం. తొమ్మిది రోజులు చెప్పకుండా ఆపాం, అది తప్పు. తోరెన్ మావల్ల పోయాడు.

చివరి మాట తీసెయ్యమని దాలినాయుడు అడిగాడు. దండు చేత చిక్కితే మనకు మాట వస్తుందన్నాడు. తియ్యలేదు.

చుట్టు 151, రోజు 20

ఇర్వా వాళ్ళు వెళ్ళారు. మోటారు నాకే ఉంచుతామన్నారు. నా చేతులు బాగానే ఉన్నాయి, మీ పంకాకు పెట్టుకోండి అని బండి ఎక్కించాను. గున్నమ్మ మూడు చుట్లలో కాపుకొచ్చే చిక్కుడు విత్తనాలు మూట కట్టి ఇచ్చింది. చీకటిని కొంచెం ఓర్చుకునే రకమట. ఎలా నాటాలో చేతులతో చూపించింది. ఇర్వా ఒక ప్రశ్న అడిగింది, గున్నమ్మ మళ్ళీ చూపించింది. తోటపని వచ్చినవాళ్ళకు భాష అక్కర్లేదు.

బండి చుక్క అయ్యేదాకా నేను పైనుంచి చూశాను. దారిలో ఒకచోట ఆగింది. ఎందుకాగిందో నాకు తెలుసు.

చుట్టు 151, రోజు 23

చక్రం మామూలే. దుమ్ము దులిపాను. ఇంకో రెండు చిల్లులు.

పదింటికి తాడుబండి దానంతట అది కిందికి వెళ్ళి పైకి వచ్చింది. ఎవరో పిలిచారు. అందులోంచి గున్నమ్మ దిగింది. తొడుగు వదులు, చేతులు మడిచి కట్టుకుంది. ఆవిడ గట్టు మీదికి రావడం నేనెరిగి ఇదే మొదలు. ఆవిడే కాదు. ఈ పన్నెండేళ్ళలో ఓటు వేసినవాళ్ళలో ఒక్కరూ పైకి వచ్చి చూస్తామనలేదు. నేనూ రమ్మనలేదు, ఈ చోటు నాదనుకున్నాను.

ఏం పని మీద వచ్చారని అడిగాను. దుర్భిణి వైపు చూపించింది. సరిచేసి ఇచ్చాను.

వంగి చూసింది. ఈ వేళప్పుడు బెరంగాలో మొక్కల మడులను ఒకదాని వెనక ఒకటి వెలుగులోకి తోస్తారు. దుర్భిణిలో అగ్గిపెట్టెల వరసలా కనబడుతుంది. మనుషులు చీమలంత కూడా ఉండరు, కదిలితేనే తెలుస్తుంది.

"మూడో మడి పసుపు తిరిగిపోయింది," అంది. "ఆకు తెగుల్లాగుంది. నీళ్ళెక్కువ పోస్తన్నారు."

నాకు అంత తెలియదు. పన్నెండేళ్ళుగా చూస్తున్నా నాకు వెలుగు మచ్చే కనబడింది, మడి రంగు చూడలేదు.

"ఇంత దగ్గరేటి అన్నయ్యగారూ," అంది కన్ను తియ్యకుండానే.

డెబ్బై మైళ్ళు అన్నాను. ఆవిడ వినలేదనుకుంటాను. నేను చక్రం నాలుగు తిప్పులు తిప్పి వచ్చినా అలాగే వంగి ఉంది. గాలి డబ్బా సగమైందని చెబితే అప్పుడు లేచింది. తొడుగు గాజు మీది దుమ్ములో దుర్భిణి గుండ్రం అచ్చు పడింది.

దిగేముందు, రేపు మడులు ఎన్నింటికి వెలుగులోకి తోయడం మొదలుపెడతారని అడిగింది. ఎనిమిదిన్నరకు అన్నాను.

"ఎనిమిదికే వొస్తాను," అంది.

తాడుబండిలో ఇద్దరు పట్టరు. రేపు నేను గంట ముందు ఎక్కి బండి కిందికి పంపాలి.